డాట్‌నెట్ ఆబ్జెక్ట్‌ను నేటివ్ లైబ్రరీకి అప్పగించడం ఎలా? ఎస్‌క్యూలైట్ ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటను తెలుగులో రెండు విధాలుగా టైపు చేస్తుంటారు. పొల్లు ‘ట్’ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ కొట్టి ‘వే’ను విడిగా నిలబెట్టేవారు కొందరు. అదేమీ లేకుండా ‘సాఫ్ట్వేర్’ అని వత్తు తగిలించేవారు కొందరు. చదివేవారికి రెండూ ఒకటే మాట. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌కు మాత్రం కాదు. మనం వేరుగా చెప్పనంతవరకు అది బైట్లను బైట్లతో పోల్చి ఊరుకుంటుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం మొదటి బైటు 224, ఆ కనబడని గుర్తు మొదటి బైటు 226. కాబట్టి గుర్తు ఉన్న మాట వరుసలో వెనక్కి పోతుంది. రెండు రూపాల మధ్య సంబంధం లేని మాటలు వచ్చి కూర్చుంటాయి. ఒక రూపంతో వెతికితే రెండోది దొరకదు.

సొంతంగా రాసుకుంటున్న చిన్న నిఘంటువు ప్రోగ్రాంలో నాకు ఈ చిక్కు ఎదురైంది. పరిష్కారం ఆ ప్రోగ్రాంను నడిపే డాట్‌నెట్ వేదికలో సిద్ధంగానే ఉంది. తెలుగు కల్చర్‌కు (భాషా సెట్టింగులకు) చెందిన కంపేర్‌ఇన్ఫో ఆబ్జెక్ట్ భాషా నియమాల ప్రకారం పోలుస్తుంది, ఆ కనబడని గుర్తును లెక్కలోకి తీసుకోదు. దాన్ని ఎస్‌క్యూలైట్‌కు ‘నీ వరుస ఇకపై ఇది చెప్పినట్టు’ అని అప్పగిస్తే చాలు. అయితే ఎస్‌క్యూలైట్ సీ భాషలో రాసిన నేటివ్ (డాట్‌నెట్ అదుపులో లేని) లైబ్రరీ, కంపేర్‌ఇన్ఫో మాత్రం గార్బేజ్ కలెక్టర్ (వాడుకలో లేని మెమరీని తానే ఖాళీ చేసే డాట్‌నెట్ భాగం) అదుపులో ఉండే ఆబ్జెక్ట్. ఆ అప్పగింత సరిగ్గా ఎలా చేయాలో ఈ వ్యాసంలో చెబుతాను. మైక్రోసాఫ్ట్.డేటా.ఎస్‌క్యూలైట్ ప్యాకేజీ వాడేవారికి క్రియేట్‌కొలేషన్ అనే మెథడ్ ఈ పనంతా చేసిపెడుతుంది. మీకు కావలసింది అంతవరకే అయితే దాన్నే వాడుకోండి. ఇంకేదైనా సీ లైబ్రరీకి మీరే స్వయంగా సీ షార్ప్ తొడుగు రాయాల్సి వస్తే మాత్రం కింద చెప్పినవన్నీ అవసరపడతాయి.

అడ్రస్ ఎందుకు ఇవ్వకూడదు

సీ లైబ్రరీలు కాల్‌బ్యాక్ ఫంక్షన్‌తో (మనం ఇస్తే లైబ్రరీ తర్వాత పిలిచేది) పాటు ఒక వాయిడ్ పాయింటర్‌ను (రకం చెప్పని అడ్రస్) కూడా తీసుకుంటాయి. అందులో ఏముందో వాటికి అక్కర్లేదు. దాచిపెట్టుకుని, కాల్‌బ్యాక్ పిలిచిన ప్రతిసారీ తిరిగి మన చేతికిస్తాయి. ఎస్‌క్యూలైట్‌లో కొలేషన్ (మాటలను పోల్చి వరుస పెట్టే నియమం) నమోదు చేసే ఫంక్షన్ పేరు ఎస్‌క్యూలైట్3_క్రియేట్_కొలేషన్_వీ2. దానికి ఆరు ఆర్గ్యుమెంట్లు: డేటాబేస్ కనెక్షన్, కొలేషన్ పేరు, టెక్స్ట్ ఎన్‌కోడింగ్, మన పాయింటర్, పోల్చే ఫంక్షన్, చివరగా ‘ఇక ఈ పాయింటర్‌తో నాకు పని లేదు’ అని చెప్పే ఎక్స్‌డిస్ట్రాయ్ ఫంక్షన్.

ఆ నాలుగో స్థానంలో ఆబ్జెక్ట్ మెమరీ అడ్రస్ పెడితే పోదా అనిపిస్తుంది. కుదరదు. గార్బేజ్ కలెక్టర్ పనికిరాని ఆబ్జెక్ట్‌లను తీసేశాక, మిగిలినవాటిని దగ్గరకు జరిపి ఖాళీలు పూడుస్తుంది. ఆబ్జెక్ట్ చోటు మారినప్పుడు మన సీ షార్ప్ వేరియబుల్స్‌లోని రిఫరెన్స్‌లను అదే సరిచేస్తుంది. ఎస్‌క్యూలైట్ లోపల దాగిన అడ్రస్ సంగతి దానికి తెలియదు, కాబట్టి సరిచేయదు. అంతకన్నా ప్రమాదం మరొకటుంది: ఆ ఆబ్జెక్ట్‌ను సీ వైపు ఎవరో వాడుతున్నారని తెలియక దాన్ని ఏకంగా తీసేయవచ్చు కూడా.

గుడి ముందు చెప్పుల స్టాండు గుర్తు చేసుకోండి. మన చెప్పులు ఏ అరలో ఉన్నాయో మనకు తెలియదు. స్టాండు మనిషి వాటిని మధ్యలో ఇంకో అరలోకి మార్చినా ఇబ్బంది లేదు, చేతిలో టోకెను ఉంటే చాలు. జీసీహ్యాండిల్ అలాంటి టోకెను. రన్‌టైమ్ (ప్రోగ్రాంను నడిపే డాట్‌నెట్ యంత్రాంగం) లోపల హ్యాండిల్ టేబుల్ ఒకటి ఉంటుంది. అందులో ఒక గడి మన ఆబ్జెక్ట్ వైపు చూపుతుంది. ఆబ్జెక్ట్ జరిగితే గడిలోని విలువ మారుతుంది, గడి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎస్‌క్యూలైట్‌కు మనం ఇచ్చేది ఆ గడి గుర్తు. గడి నిండి ఉన్నంతకాలం కలెక్టర్ ఆ ఆబ్జెక్ట్‌ను తీసేయదు.

మొదటి అడుగు: ఏ రకం హ్యాండిల్?

జీసీహ్యాండిల్‌లో నాలుగు రకాలున్నాయి: నార్మల్, పిన్డ్, వీక్, వీక్‌ట్రాక్‌రిసరెక్షన్. నాలుగోదాని అవసరం నాకు ఇప్పటిదాకా పడలేదు. తరచుగా తికమకపడేది మొదటి రెండింటి మధ్య.

అవతలి కోడ్ మన ఆబ్జెక్ట్ లోపలి బైట్లను చదువుతుందా, లేక టోకెనులా దాచి తిరిగి ఇస్తుందా? ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి. బైట్ అరేను సీ ఫంక్షన్ నేరుగా చదివేటట్టయితే దాన్ని కదలకుండా మేకు కొట్టాలి, అది పిన్డ్. తిరిగి ఇవ్వడమే అయితే నార్మల్ చాలు. కంపేర్‌ఇన్ఫోను పిన్ చేయబోతే రన్‌టైమ్ ఎలాగూ ఒప్పుకోదు. దాని ఫీల్డుల్లో ఇతర రిఫరెన్స్‌లు ఉన్నాయి కాబట్టి ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్ విసురుతుంది. పిన్ చేయగలిగినవాటిని కూడా ఎక్కువసేపు పిన్ చేసి ఉంచడం మంచిది కాదు. కదలని ఆబ్జెక్ట్ చుట్టూ ఖాళీలు పూడక హీప్ (ఆబ్జెక్ట్‌లు ఉండే మెమరీ) ముక్కలు ముక్కలవుతుంది. బఫర్ ప్రోగ్రాం ఆసాంతం పిన్ అయి ఉండక తప్పదంటే, డాట్‌నెట్ 5తో వచ్చిన పిన్డ్ ఆబ్జెక్ట్ హీప్‌లో మొదటే కేటాయించుకోవడం నయం. జీసీ.అలొకేట్‌అరేకు పిన్డ్ అన్న ఆర్గ్యుమెంట్ ఇస్తే అక్కడే పుడుతుంది.

మన పనికి నార్మల్ సరిపోతుంది.

రెండో అడుగు: ఆబ్జెక్ట్ తయారీ, హ్యాండిల్ కేటాయింపు

కంపేర్‌ఇన్ఫోను నేరుగా ఇవ్వకుండా, దాన్ని లోపల పెట్టుకునే చిన్న క్లాస్ ఒకటి రాయండి. ‘పోలిక’ అనుకుందాం. అందులో రెండే ఫీల్డులు: కంపేర్‌ఇన్ఫో, కాల్‌బ్యాక్‌లో ఏదైనా తప్పు జరిగితే దాచుకోవడానికి ఒక ఎక్సెప్షన్. రెండోది ఎందుకో మూడో అడుగులో తెలుస్తుంది. కనెక్షన్ ఆబ్జెక్ట్‌ను మాత్రం ఇందులో పెట్టకండి. దాని సంగతి ఆరో అడుగులో.

తర్వాత రెండు వరుసలు:

పట్టు = జీసీహ్యాండిల్.అలాక్(పోలిక)
టోకెను = జీసీహ్యాండిల్.టుఇంట్‌పీటీఆర్(పట్టు)

ఈ ‘టోకెను’ ఎస్‌క్యూలైట్‌కు వెళ్లే విలువ. హ్యాండిల్ తీసుకోవడం ఇంత తేలిక. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు విడిపించాలి అన్న దగ్గరే చిక్కులన్నీ పుడతాయి. ఆ ప్రశ్నలకు జవాబు డాట్‌నెట్ డాక్యుమెంటేషన్‌లో ఉండదు, మీరు పిలుస్తున్న సీ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో ఉంటుంది.

మూడో అడుగు: పోల్చే ఫంక్షన్

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మొదటిసారి నేను డెలిగేట్‌ను (ఫంక్షన్‌ను పట్టుకునే డాట్‌నెట్ ఆబ్జెక్ట్) ఒక లోకల్ వేరియబుల్‌లో పెట్టి, పీఇన్‌వోక్ (సీ షార్ప్ నుంచి సీ ఫంక్షన్‌ను పిలిచే పద్ధతి) పిలుపుకు ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చేశాను. డీబగ్ బిల్డ్‌లో పాతికవేల మాటల జాబితా చక్కగా ఎక్కింది. రిలీజ్ బిల్డ్‌లో కొన్ని వేల మాటలు ఎక్కాక ప్రోగ్రాం కూలిపోయింది. అదీ ఒక్కోసారి ఒక్కోచోట. ఆబ్జెక్ట్‌ను జీసీహ్యాండిల్‌తో భద్రంగానే పట్టుకున్నాను కదా అని రెండు రోజులు దానిచుట్టూనే తిరిగాను. పోయింది ఆబ్జెక్ట్ కాదు, డెలిగేట్. డెలిగేట్ కూడా కలెక్టర్ అదుపులోనిదే. పీఇన్‌వోక్ దాన్ని ఆ ఒక్క పిలుపు పూర్తయ్యేవరకే కాపాడుతుంది, ఎస్‌క్యూలైటేమో దాన్ని నెలల తరబడి దాచుకోగలదు. డీబగ్ బిల్డ్‌లో లోకల్ వేరియబుల్స్ ఫంక్షన్ చివరిదాకా బతికే ఉంటాయి. రిలీజ్‌లో చివరిసారి వాడిన వెంటనే వాటి కాలం తీరిపోతుంది. బిల్డుల మధ్య తేడా అక్కడినుంచి వచ్చింది.

కాబట్టి నేటివ్ కోడ్ పట్టుకునేవి రెండని గుర్తుంచుకోండి: సమాచారం ఒకటి, పిలవాల్సిన ఫంక్షన్ ఇంకొకటి. రెండోదానికి ఇప్పుడు తేలికైన దారి ఉంది. డాట్‌నెట్ 5, సీ షార్ప్ 9 నుంచి స్టాటిక్ మెథడ్‌కు అన్‌మేనేజ్డ్‌కాలర్స్‌ఓన్లీ అనే గుర్తు తగిలించి, దాని అడ్రస్‌ను నేరుగా సీ వైపుకు ఇవ్వవచ్చు. డెలిగేటే లేదు కనుక పోయేదీ లేదు. ఆ మెథడ్ స్టాటిక్‌గా ఉండాలి, జెనరిక్ కాకూడదు, ఆర్గ్యుమెంట్లు పాయింటర్లు, పూర్ణాంకాల వంటి సాదా రకాలై ఉండాలి, దాన్ని సీ షార్ప్ కోడ్ నుంచి పిలవకూడదు. కాలింగ్ కన్వెన్షన్‌గా సీడెక్ల్ రాయండి. ప్రాజెక్టులో అన్‌సేఫ్ కోడ్‌కు అనుమతి కూడా ఇవ్వాలి. పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ మీద ఉన్నవారు డెలిగేట్‌ను స్టాటిక్ ఫీల్డులో పెట్టుకుంటే సరిపోతుంది.

ఫంక్షన్ లోపలి పని ఇలా సాగుతుంది. ఎస్‌క్యూలైట్ ఐదు ఆర్గ్యుమెంట్లు ఇస్తుంది: మన టోకెను, మొదటి మాట పొడవు, మొదటి మాట, రెండో మాట పొడవు, రెండో మాట. జీసీహ్యాండిల్.ఫ్రమ్‌ఇంట్‌పీటీఆర్‌కు టోకెను ఇచ్చి, వచ్చిన హ్యాండిల్ టార్గెట్‌ను ‘పోలిక’ రకానికి మార్చుకోండి. మాటల చివర సున్నా బైటు ఉంటుందని ఆశించవద్దు, ఇచ్చిన పొడవే ప్రమాణం. నమోదు సమయంలో ఎన్‌కోడింగ్‌గా యూటీఎఫ్-16 లిటిల్ ఎండియన్‌ను ఎంచుకుంటే మాటలు డాట్‌నెట్ స్ట్రింగ్‌ల రూపంలోనే అందుతాయి. పొడవు మాత్రం బైట్లలో వస్తుంది, అక్షర యూనిట్లలో కాదు. రెండుతో భాగించి రీడ్‌ఓన్లీస్పాన్ తయారు చేసుకుని కంపేర్‌కు ఇవ్వండి. పోల్చిన ప్రతిసారీ కొత్త స్ట్రింగ్ పుట్టించే పని తప్పుతుంది. వరుస పేర్చేటప్పుడు ఈ ఫంక్షన్‌ను లక్షలసార్లు పిలుస్తారు కనుక ఆ ఆదా చిన్నదేమీ కాదు.

మరో కట్టుబాటు: ఈ ఫంక్షన్ నుంచి ఏ ఎక్సెప్షనూ బయటికి పోకూడదు. పైన ఉన్నవి సీ ఫ్రేములు, వాటికి డాట్‌నెట్ ఎక్సెప్షన్లను దాటించడం తెలియదు. అలా పోతే ప్రోగ్రాం మొత్తం కూలుతుంది. మొత్తాన్ని ట్రై, క్యాచ్‌లో పెట్టి, పట్టుకున్న ఎక్సెప్షన్‌ను ‘పోలిక’లో దాచి, సున్నా తిరిగి ఇవ్వండి. క్వెరీ ముగిసి సీ షార్ప్ వైపుకు వచ్చాక, దాచినది ఏమైనా ఉందేమో చూసి అక్కడ విసరండి. కొలేషన్ ఫంక్షన్‌కు ఎస్‌క్యూలైట్‌తో ‘తప్పు జరిగింది’ అని చెప్పే మార్గం లేదు, అందుకే ఈ చుట్టుదారి.

నాలుగో అడుగు: విడుదల, నమోదు

ఎక్స్‌డిస్ట్రాయ్‌కి మరో స్టాటిక్ మెథడ్ రాయండి. టోకెను తీసుకుని, ఫ్రమ్‌ఇంట్‌పీటీఆర్‌తో హ్యాండిల్‌గా మార్చి, ఫ్రీ పిలవడమే దాని పని. అదే పేరుతో మరో కొలేషన్ నమోదైనప్పుడు, లేదా కనెక్షన్ మూసినప్పుడు ఎస్‌క్యూలైట్ దీన్ని పిలుస్తుంది.

నమోదు విజయవంతమైతే హ్యాండిల్ యాజమాన్యం ఎస్‌క్యూలైట్‌ది. ఆ తర్వాత మీరు ఫ్రీ పిలవకూడదు. అలవాటుకొద్దీ ఫైనల్లీలో పెట్టేసేవారుంటారు, అది తప్పు. నమోదు విఫలమైతే? ఇక్కడ ఎస్‌క్యూలైట్ ఒక మెలిక పెట్టింది. సొంత ఫంక్షన్‌ను నమోదు చేసే ఎస్‌క్యూలైట్3_క్రియేట్_ఫంక్షన్_వీ2 విఫలమైనా ఎక్స్‌డిస్ట్రాయ్ పిలుస్తుంది. కొలేషన్‌ది మాత్రం పిలవదు. ఇది మిగతా ఇంటర్‌ఫేస్‌లకు భిన్నమని డాక్యుమెంటేషన్‌లోనే ఒప్పుకున్నారు. ఉన్న ప్రోగ్రాంలు విరిగిపోతాయని మార్చలేదట. పక్కపక్కనే ఉండే రెండు ఫంక్షన్లు, ఒకే ఆకారం, విడుదల నియమం మాత్రం తలకిందులు. ఒకదాని కోడ్‌ను కాపీ చేసి రెండోదానికి అతికిస్తే, ఒక దిశలో హ్యాండిల్ లీకవుతుంది, మరో దిశలో రెండుసార్లు ఫ్రీ అవుతుంది.

విఫలం కావడం అరుదేమీ కాదు. కనెక్షన్ మీద ఏదైనా క్వెరీ సగంలో నడుస్తుండగా అదే పేరున్న కొలేషన్‌ను మార్చబోతే ఎస్‌క్యూలైట్ బిజీ అని 5 తిరిగి ఇస్తుంది. కాబట్టి వరుస ఇది: అలాక్, పిలుపు, తిరిగి వచ్చిన సంఖ్య సున్నా కాకపోతే మనమే ఫ్రీ, ఆ తర్వాత ఎక్సెప్షన్. లైబ్రరీ ఫైల్ దొరక్క పీఇన్‌వోక్ పిలుపే ఎక్సెప్షన్ విసిరే సందర్భాన్నీ మరువకండి, అప్పుడూ హ్యాండిల్ మన దగ్గరే మిగిలి ఉంటుంది.

రెండుసార్లు ఫ్రీ చేస్తే ఏమవుతుంది? ఒకే వేరియబుల్ మీద రెండోసారి పిలిస్తే ఇన్‌వాలిడ్‌ఆపరేషన్‌ఎక్సెప్షన్ వస్తుంది, అది మన అదృష్టం. కానీ జీసీహ్యాండిల్ ఒక స్ట్రక్ట్. టోకెను నుంచి మళ్లీ తయారు చేసుకున్న ప్రతిసారీ కొత్త నకలు పుడుతుంది. ఒక నకలును ఫ్రీ చేసినా రెండోది ‘నేనింకా ఉన్నాను’ అనే అంటుంది, ఈజ్‌అలొకేటెడ్ అడిగినా అవునంటుంది. ఈలోగా రన్‌టైమ్ ఆ గడిని ఇంకో ఆబ్జెక్ట్‌కు ఇచ్చి ఉండవచ్చు. తిరిగిచ్చేసిన టోకెను సంఖ్య చెప్పి చెప్పులు అడిగితే స్టాండు మనిషి ఇంకెవరి చెప్పులో ఇచ్చినట్టు, మనం సంబంధం లేని ఆబ్జెక్ట్ పట్టును వదిలేస్తాం. కూలేది ఇంకెక్కడో, ఇంకెప్పుడో. డాట్‌నెట్ 10లో రకం తెలిసిన జెనరిక్ జీసీహ్యాండిల్ వచ్చింది. టార్గెట్‌ను క్యాస్ట్ చేసుకునే పని తగ్గించింది కానీ, ఈ నకళ్ల సమస్యను మాత్రం తీర్చలేదు.

ఐదో అడుగు: విడుదల ఫంక్షనే లేకపోతే

అన్ని సీ ఫంక్షన్లూ ఎక్స్‌డిస్ట్రాయ్ అడగవు. టేబుల్‌లోని అడ్డువరుసలు (రోలు) మారినప్పుడల్లా కబురు చేసే ఎస్‌క్యూలైట్3_అప్‌డేట్_హుక్ చూడండి. కనెక్షన్, కాల్‌బ్యాక్, పాయింటర్, అంతే. అయితే అది తిరిగి ఇచ్చే విలువను చాలామంది పట్టించుకోరు: అంతకుముందు నమోదైన పాయింటర్‌ను ఇస్తుంది, మొదటిసారైతే నల్. మన పాత టోకెను తిరిగి చేతికొచ్చేది అక్కడే. కొత్తది పెట్టినప్పుడు వచ్చిన పాత టోకెను నల్ కాకపోతే ఫ్రీ చేయండి. కనెక్షన్ మూసేముందు కాల్‌బ్యాక్ స్థానంలో నల్ ఇచ్చి ఒకసారి పిలిచి, చివరి టోకెనునూ తీసుకుని ఫ్రీ చేయండి.

అదీ ఇవ్వని లైబ్రరీ అయితే టోకెను లెక్క మీరే రాసుకోవాలి. మీ తొడుగు క్లాస్‌లోనే ఒక ఫీల్డులో ఉంచి, లైబ్రరీ వనరును మూసిన తర్వాతే ఫ్రీ చేయండి. ముందు ఫ్రీ చేసి ఆ తర్వాత మూస్తే, మూసే పనిలో లైబ్రరీ ఆఖరి కాల్‌బ్యాక్ పిలవవచ్చు.

ఆరో అడుగు: చక్రాన్ని తెంచడం

మొదటి రూపంలో నా ‘పోలిక’ క్లాస్‌లో కనెక్షన్ ఆబ్జెక్ట్ కూడా ఉండేది. లాగ్ రాయడానికి సౌకర్యంగా ఉంటుందని పెట్టాను. ఎవరైనా డిస్పోజ్ మరిచినా ఫైనలైజర్ (ఆబ్జెక్ట్‌ను తీసేసేముందు రన్‌టైమ్ నడిపే మెథడ్) కనెక్షన్‌ను మూస్తుందిలే అన్న ధీమాతో ఉన్నాను. అది ఎన్నటికీ నడవలేదు. కనెక్షన్ ఆబ్జెక్ట్ నేటివ్ డేటాబేస్‌ను పట్టుకుంది, నేటివ్ డేటాబేస్ నార్మల్ హ్యాండిల్ ద్వారా ‘పోలిక’ను పట్టుకుంది, ‘పోలిక’ మళ్లీ కనెక్షన్‌ను పట్టుకుంది. మేనేజ్డ్ (కలెక్టర్ అదుపులోని) ఆబ్జెక్ట్‌ల మధ్యే చక్రం ఉంటే కలెక్టర్ గుర్తించి తీసేస్తుంది. ఈ చక్రంలో ఒక ముక్క సీ మెమరీలో ఉంది. కలెక్టర్‌కు కనబడేది హ్యాండిల్ టేబుల్‌లోని గట్టి పట్టు ఒక్కటే, కాబట్టి మొత్తం బతికే ఉంటుంది.

మందు తేలిక: అప్పగించే ఆబ్జెక్ట్‌లో యజమానిని పెట్టవద్దు. పెట్టక తప్పకపోతే ఆ ఒక్క లింకును వీక్‌రిఫరెన్స్ చేయండి, వాడేముందు టార్గెట్ నల్ అయిందేమో చూడండి. కనెక్షన్ పాయింటర్‌ను సేఫ్‌హ్యాండిల్ నుంచి పుట్టిన క్లాస్‌లో ఉంచి, రిలీజ్‌హ్యాండిల్‌లో ఎస్‌క్యూలైట్3_క్లోజ్_వీ2 పిలవడం మంచిది. వీ2 లేని పాత క్లోజ్‌కు, ఫైనలైజ్ కాని స్టేట్‌మెంట్ ఒక్కటి మిగిలినా 5 ఇచ్చి మూయడానికి నిరాకరించే గుణం ఉంది. అప్పుడు ఎక్స్‌డిస్ట్రాయ్ కూడా రాదు. వీ2 అయితే ఆ స్టేట్‌మెంట్లు పోయేదాకా ఆగి అప్పుడు మూస్తుంది. ఎక్స్‌డిస్ట్రాయ్ ఫైనలైజర్ థ్రెడ్ మీద నడిచినా పర్వాలేదు, జీసీహ్యాండిల్‌ను ఏ థ్రెడ్ నుంచైనా ఫ్రీ చేయవచ్చు.

జావా నుంచి వచ్చినవారికి ఇదంతా పరిచితంగా తోస్తుంది. జావాను సీ కోడ్‌తో కలిపే జేఎన్ఐలో న్యూగ్లోబల్‌రెఫ్, డిలీట్‌గ్లోబల్‌రెఫ్ జంట ఇదే పని చేస్తుంది, చక్రాల సమస్యా అక్కడ ఇలాగే ఉంటుంది. సీ++/సీఎల్ఐ వాడేవారు నేటివ్ క్లాస్‌లో మేనేజ్డ్ హ్యాండిల్‌ను మెంబర్‌గా రాస్తే కంపైలర్ సీ3265 తప్పు చూపిస్తుంది. అక్కడ జీసీరూట్ టెంప్లేట్ వాడతారు, దాని లోపల ఉన్నదీ జీసీహ్యాండిలే.

ఏడో అడుగు: నిజంగా వదిలిందా?

కళ్లతో చూసి నమ్మవద్దు, పరీక్ష రాయండి. కనెక్షన్‌ను పరీక్ష మెథడ్‌లోనే తెరిచి, ‘పోలిక’ను సృష్టించి నమోదు చేసే పనిని మాత్రం వేరే మెథడ్‌లో పెట్టి, దానికి నోఇన్‌లైనింగ్ గుర్తు తగిలించి, అక్కడినుంచి ‘పోలిక’ మీద వీక్‌రిఫరెన్స్ మాత్రం తిరిగి తెచ్చుకోండి. అదే మెథడ్‌లో ఉంచితే ఏదో ఒక లోకల్ వేరియబుల్ దాన్ని పట్టుకుని ఫలితాన్ని తారుమారు చేస్తుంది. తర్వాత జీసీ.కలెక్ట్, వెయిట్‌ఫర్‌పెండింగ్‌ఫైనలైజర్స్, మళ్లీ జీసీ.కలెక్ట్. కనెక్షన్ తెరిచి ఉండగా ఈజ్‌అలైవ్ నిజం అనాలి. మూసి మళ్లీ అవే మూడు పిలిస్తే అబద్ధం అనాలి. పరీక్షను రిలీజ్ బిల్డ్‌లో నడపండి. డీబగ్‌లో గట్టెక్కినంత మాత్రాన ఏమీ తేలదని నా రెండు రోజులు సాక్ష్యం.

విఫలమయ్యే దారిని కూడా పరీక్షించండి. ఒక క్వెరీని సగంలో ఆపి, అదే పేరుతో కొలేషన్ మళ్లీ నమోదు చేయండి. 5 వచ్చాక కొత్త ‘పోలిక’ పోవాలి, పాతది బతికి ఉండాలి.

నడుస్తున్న ప్రోగ్రాంలో మెమరీ పెరుగుతూ పోతుంటే డాట్‌నెట్-డంప్‌తో డంప్ తీసి, అందులో జీసీహ్యాండిల్స్ అన్న ఆదేశం ఇవ్వండి. ఏ రకం హ్యాండిల్స్ ఎన్ని ఉన్నాయో లెక్క వస్తుంది. మీ క్లాస్ పేరు పక్కన ఒకటి ఉండాల్సినచోట వందలు కనబడితే విడుదల ఎక్కడో తప్పింది. ఆబ్జెక్ట్ అడ్రస్‌తో జీసీరూట్ ఆదేశం ఇస్తే దాన్ని పట్టి ఉంచింది హ్యాండిల్ టేబులా, స్టాటిక్ ఫీల్డా అన్నది చూపిస్తుంది.

కొలేషన్ మీద ఇండెక్స్ కట్టేవారికి రెండు మాటలు. ఇప్పుడు ‘సాఫ్ట్‌వేర్’ రెండు రూపాలూ సమానం కనుక, ఆ కాలమ్ మీద యునీక్ ఇండెక్స్ ఉంటే రెండోది చేర్చేటప్పుడు నకలు అని తిప్పికొడుతుంది. నిఘంటువుకు నాకు కావలసింది అదే, మీకు కాకపోవచ్చు. ఇక డాట్‌నెట్ పోల్చే నియమాలు ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ నుంచి వస్తాయి. ఆ వెర్షన్ మారితే వరుస కొద్దిగా మారవచ్చు, పాత వరుసతో కట్టిన ఇండెక్స్ అప్పుడు తప్పుతుంది. సర్వర్ మీద రన్‌టైమ్‌నో ఐసీయూనో మార్చిన రోజు రీఇండెక్స్ ఆదేశం నడపండి. ఇన్‌వేరియంట్ గ్లోబలైజేషన్ ఆన్ చేసిన కంటైనర్‌లో అయితే ఈ తెలుగు నియమాలేవీ ఉండవు. ముందు ఆ సెట్టింగ్ చూసుకుని మొదలుపెట్టండి.